మీ ప్రశ్నలు, మా జవాబులు: యుద్ధం నడుమ ఉక్రెయిన్ బొమ్మలు

పోయిన సంచికలో ఉక్రెయిన్ చిత్రకారుల మీద వేసిన వ్యాసానికి ఉత్తరాలు బాగా వచ్చాయి, అందులో మెచ్చుకున్నవాళ్ల కన్నా నిలదీసినవాళ్లే ఎక్కువ. అది మంచిదే. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి, కొన్నిటికి పొడుగ్గా, కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: అక్కడ రోజూ మనుషులు చచ్చిపోతున్నారు, ఆసుపత్రుల మీద కూడా బాంబులు పడుతున్నాయి. మీరేమో బొమ్మల గురించి పేజీలకు పేజీలు రాశారు. ముందు ప్రాణాలు కదండీ?
(ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: ముందు ప్రాణాలే, అందులో వాదన లేదు. ఐతే అక్కడివాళ్లు ఏం చేశారో చూడండి. 2022 ఫిబ్రవరి 24న రష్యా పూర్తిస్థాయి దాడి మొదలుపెట్టింది. ఆ నెల ముగిసేలోపే కీవ్‌కు వాయవ్యంగా ఉన్న ఇవాంకివ్ అనే చిన్న పట్నంలో మ్యూజియం తగలబడిపోయింది. పెద్దదేం కాదు, ఆ చుట్టుపక్కల పల్లెల పాత వస్తువులు, చేతిపనులు పెట్టుకున్న భవనం, అంతే. కానీ అందులో మరియా ప్రిమచెంకో బొమ్మలున్నాయి. ఆమె 1909లో ఆ పక్కనే బొలొత్న్యా పల్లెలో పుట్టారు. చిన్నప్పుడే పోలియో వచ్చింది. బొమ్మలు వేయడం తనంతట తానే నేర్చుకుని, 1997లో చనిపోయేదాకా దాదాపు జీవితమంతా ఆ పల్లెలోనే గడిపి, ఎక్కడా లేని జంతువులను, మనిషి ముఖంతో నవ్వే సింహాలను, పళ్లెమంత పూలను వేస్తూ పోయారు. 1937లో పారిస్ ప్రపంచ ప్రదర్శన దాకా వెళ్లాయి ఆ బొమ్మలు. మ్యూజియం మండుతుంటే ఊరివాళ్లు ఆ పొగలోకే దూరి చేతికందినన్ని బయటికి లాగారు. వాళ్లకు ఎవరూ ఆర్డర్ వేయలేదు. తమ ఇళ్ల మీద ఎప్పుడేం పడుతుందో తెలియని రోజులవి.

ఎందుకెళ్లారు మరి? నాకు అర్థమైనంత వరకు చెబుతాను. ఈ యుద్ధం భూమి కోసం మాత్రమే జరుగుతున్నది కాదు. 2021 జులైలో పుతిన్ ఒక పెద్ద వ్యాసం రాశారు, రష్యన్లూ ఉక్రెయినియన్లూ ఒకే ప్రజ అన్నది దాని సారాంశం. అంటే మీరు వేరే జనం కాదు, మీకు వేరే కథ లేదు, అలా అనుకోవడం ఎవరో మీకు నూరిపోసిన పొరపాటు అని. ఇలాంటి మాట మీద యుద్ధం మొదలైనప్పుడు మీ ఊరి ముసలమ్మ వేసిన బొమ్మ అలంకారంగా ఉండదు, సాక్ష్యమైపోతుంది. మేం ఉన్నాం, ఇదిగో ఇలా ఉన్నాం అని చెప్పే కాగితం అది.

ఇంకొకటి. ఖార్కివ్ ప్రాంతంలో స్కోవొరోదినివ్కా అనే పల్లె ఉంది. 18వ శతాబ్దపు తత్వవేత్త, కవి హ్రిహోరి స్కోవొరోదా చివరి రోజులు గడిపింది అక్కడే, ఆయన పేరునే ఊరికి పెట్టుకున్నారు. ఆయన 300వ జయంతి సంవత్సరంలోనే, 2022 మే మొదటి వారంలో, ఆయన మ్యూజియం మీద క్షిపణి పడింది. విలువైన వస్తువులను ముందే తరలించడం వల్ల అవి దక్కాయి. కప్పు కూలి, గోడలు నల్లబడి, మధ్యలో ఆయన విగ్రహం మాత్రం నిలబడే ఉంది. ఆ ఫొటో చూసి ఏడ్చినవాళ్లు మనుషుల కోసం ఏడవలేదని ఎలా అనుకుంటాం? రెండిటికీ ఏడ్చారు.

ప్రశ్న: మా తరం మాస్కో నుంచి వచ్చిన తెలుగు పుస్తకాలు చదివి పెరిగింది. విశాలాంధ్రలో కొనుక్కునేవాళ్లం. అప్పుడు మాకు రష్యా, ఉక్రెయిన్ అన్న తేడా తెలియదు, అందరూ సోవియట్ సోదరులే. ఇప్పుడు ఒక్కసారిగా ఉక్రెయిన్ కళ వేరు అంటుంటే నమ్మబుద్ధి కావడం లేదు. ఇది యుద్ధం వచ్చాక పుట్టించిన మాట కాదా?
(విశ్రాంత ఉపాధ్యాయులు, విజయవాడ)

జవాబు: మాస్టారూ, ఆ పుస్తకాలు మన ఇళ్లలో చేసిన మేలు చిన్నది కాదు, మూడు రూపాయలకు అంత మంచి బొమ్మలున్న పుస్తకం పిల్లల చేతికి ఇంకెవరిచ్చారు? మీ అభిమానాన్ని నేను తక్కువ చేయను. కానీ అన్నీ మాస్కో మీదుగా రావడం వల్ల మనకు అన్నీ రష్యన్‌గానే కనబడ్డాయి. రచయిత గొగోల్ పుట్టింది ఉక్రెయిన్‌లోని పొల్టావా ప్రాంతంలో అని మనలో ఎంతమందికి తెలుసు?

వేరు అన్న మాట కొత్తది కాదండీ. తరాస్ షెవ్‌చెంకో సంగతి తీసుకోండి. 1814లో వెట్టి కుటుంబంలో పుట్టారు, అంటే భూస్వామి ఆస్తి లెక్కలో రాసిన మనిషి. కుర్రాడి చేతిలో బొమ్మ ఉందని పసిగట్టి, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పెద్ద చిత్రకారుడైన బ్ర్యుల్లోవ్ ఒక చిత్రం గీసి ఇస్తే, దాన్ని లాటరీలో పెట్టి వచ్చిన 2,500 రూబుళ్లతో 1838లో ఆయనకు స్వేచ్ఛ కొన్నారు. కొన్నవాళ్లు రష్యన్ కళాకారులే, అది కూడా చెప్పాలి. ఆ తర్వాత ఆయన ఉక్రెయినియన్‌లో కవిత్వం రాశారు, ఊరూరా తిరిగి అక్కడి గుళ్లు, గుడిసెలు, సమాధి దిబ్బలు గీశారు. 1847లో అరెస్టు చేసి సైనికుడిగా దూరప్రాంతానికి పంపేటప్పుడు జార్ నికొలాయ్ స్వయంగా ఒక ముక్క జోడించారు: రాయడం, బొమ్మలు వేయడం రెండూ నిషేధం. ఆయన చిన్న చిన్న నోటుపుస్తకాలు కుట్టుకుని, బూటులో దాచుకుని రాసుకున్నారు. 1863లో ఒక ఉత్తర్వు, 1876లో ఇంకో ఉత్తర్వు ఉక్రెయినియన్ భాషలో పుస్తకాల అచ్చును బాగా కట్టడి చేశాయి. వేరే భాషే లేకపోతే దాన్ని ఆపడానికి రెండు ఉత్తర్వులెందుకు?

మీరు అభిమానించే సోవియట్ కాలానికే వద్దాం. 1920ల్లో సోవియట్ ప్రభుత్వమే ఉక్రెయినియన్ భాషకు, నాటకానికి, చిత్రకళకు తలుపులు తెరిచింది, అది నిజం. ఆ పదేళ్లలో అక్కడ జరిగిన పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. కీవ్‌లో మిఖైలో బొయ్‌చుక్ అనే గురువు, ఆయన శిష్యులు పాత చర్చిల బొమ్మల పద్ధతినీ పల్లె చేతిపనులనూ కలిపి గోడల మీద పెద్ద పెద్ద చిత్రాలు వేశారు, అందులో ఉన్నది రైతులు, కూలీలు, ఆపిల్ చెట్లు. తర్వాత గాలి మారింది. 1932-33లో మహా కరువు. 1937 జులైలో బొయ్‌చుక్‌ను కాల్చి చంపారు, అదే ఏడాది డిసెంబర్‌లో ఆయన భార్య, ఆమె కూడా చిత్రకారిణే, సోఫియా నలెపిన్స్కాను చంపారు. గోడల మీద బొమ్మలు దాదాపు అన్నీ చెరిపేశారు. అదే 1937 నవంబర్‌లో నాటక దర్శకుడు లెస్ కుర్బాస్‌ను, రచయిత మికొలా కులీష్‌ను రష్యా ఉత్తరాన సందర్మోఖ్ అడవిలో కాల్చేశారు. ఆ తరాన్ని అక్కడివాళ్లు 'కాల్చి చంపిన పునరుజ్జీవనం' అని పిలుచుకుంటారు.

కాల్చినవాళ్లు బొమ్మల్ని కూడా వదల్లేదు. 1937-39 మధ్య ఆ చిత్రకారుల పెయింటింగులను కీవ్, ఖార్కివ్, ఒడెసా మ్యూజియంల నుంచి ఏరి, కీవ్ మ్యూజియంలో ఒక రహస్య విభాగంలో పడేశారు, నాశనం చేయడానికి. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి ఆ పని ఆగిపోయింది, మ్యూజియం ఉద్యోగులు వాటిని చుట్టలుగా చుట్టి నోరు మూసుకుని దశాబ్దాలు దాచారు. ఆ రహస్య విభాగం పేరుతోనే జనానికి ప్రదర్శన పెట్టింది 2015లో. 2022 నవంబర్ 15న ఆ కాలపు చిత్రాలతో లారీలు కీవ్ నుంచి స్పెయిన్‌కు బయల్దేరిన రోజునే దేశమంతటా దాదాపు వంద క్షిపణులు పడ్డాయి. లారీలు దాటుకుని వెళ్లాయి, ఆ నెలాఖరుకే మాడ్రిడ్‌లో ప్రదర్శన తెరిచారు, అది తర్వాత కొలోన్, బ్రస్సెల్స్, వియన్నా, లండన్ తిరిగింది. ఆ పటాలు అంతకుముందు ఒకసారి చావు తప్పించుకున్నవే మాస్టారూ.

ప్రశ్న: నేను ఖార్కివ్‌లో మెడిసిన్ చదువుతుండగా 2022లో వచ్చేశాను. షెవ్‌చెంకో పార్కు, ఫ్రీడమ్ స్క్వేర్ గుర్తొస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు. అక్కడ కళాకారులెవరైనా మిగిలారా? ఊరు ఎలా ఉంది?
(యువ వైద్యుడు, ఖమ్మం)

జవాబు: మీలాంటి తెలుగు పిల్లలు ఎంతోమంది ఆ చలిలో నడిచి సరిహద్దులు దాటారు. కాబట్టి మీకు వివరంగానే రాస్తాను.

మీ షెవ్‌చెంకో విగ్రహాన్ని ఆ వసంతంలోనే ఇసుక బస్తాలతో పైదాకా కప్పేశారు. ఫ్రీడమ్ స్క్వేర్‌లో 1920ల నాటి దెర్జ్‌ప్రోమ్ భవనం మీద 2024 అక్టోబర్‌లో బాంబు పడింది, దెబ్బతింది కానీ కూలలేదు. రచయితల కోసం 1920ల చివర్లో కట్టిన 'స్లోవో' ఇల్లు మీరు చూశారో లేదో, అందులో ఉన్నవాళ్లలో చాలామందిని 1930ల్లో పట్టుకుపోయారు, 2022 మార్చిలో ఆ ఇల్లు కూడా షెల్లింగ్‌లో దెబ్బతింది.

మనుషుల విషయానికొస్తే, ఊరు ఖాళీ కాలేదు. 2022 మార్చి 26న, తుపాకుల మోత వినబడుతుండగానే, మెట్రో స్టేషన్లో తలదాచుకున్న జనం కోసం సంగీతోత్సవం కచేరీ పెట్టారు. వీధి చిత్రకారుడు హమ్లెత్ జింకివ్‌స్కీ పగిలిన కిటికీలకు కొట్టిన ప్లైవుడ్ చెక్కల మీద నలుపు తెలుపు బొమ్మలు, ఒకటి రెండు వాక్యాలు రాస్తూ వచ్చారు, తర్వాత సైన్యంలో చేరారు. చిత్రకారుడు పావ్లో మకోవ్ తొంభై దాటిన తల్లిని కారులో ఎక్కించుకుని బయటపడి, అదే ఏప్రిల్‌లో వెనిస్ బియెనాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో ఉక్రెయిన్ తరఫున నిలబడ్డారు. ఆయన పనిలో 78 కంచు గరాటులు పిరమిడ్ లాగ వరుసలు కట్టి ఉంటాయి, పైనుంచి పోసిన నీరు చీలి చీలి అడుగుకొచ్చేసరికి చుక్కలే మిగులుతాయి. ఆ గరాటులను కీవ్ నుంచి క్యురేటర్ మరియా లాంకో తన కారు డిక్కీలో పెట్టుకుని రోజుల తరబడి నడుపుకుంటూ తీసుకెళ్లారు. అలసట మీద ఇంత సూటిగా ఉన్న పని నేను ఇంకొకటి చూడలేదు.

ప్రశ్న: మలేవిచ్, రేపిన్, కుయింజీ లాంటి చిత్రకారులను ఇప్పుడు మ్యూజియంలు రష్యన్ అని కాకుండా ఉక్రెయినియన్ అని రాస్తున్నాయట. చరిత్రను ఇలా లేబుళ్లు అతికించి మార్చొచ్చా? ఇంతకీ ఎవరు ఉక్రెయినియన్?
(ఫైన్ ఆర్ట్స్ విద్యార్థిని, హైదరాబాద్)

జవాబు: ఈ సంచికకు వచ్చిన ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

జరిగింది ముందు చెబుతాను. 2022 ఏప్రిల్‌లో లండన్ నేషనల్ గ్యాలరీ ఫ్రెంచ్ చిత్రకారుడు దెగా గీసిన 'రష్యన్ నర్తకులు' బొమ్మ పేరును 'ఉక్రెయినియన్ నర్తకులు' అని మార్చింది. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం రేపిన్, కుయింజీ పేర్ల పక్కన ఉక్రెయినియన్ అని రాసింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో మలేవిచ్‌కూ అలాగే జరిగింది. కొన్నిచోట్ల తొందరపడ్డారు కూడా. ఐవజోవ్‌స్కీ క్రిమియాలో అర్మేనియన్ కుటుంబంలో పుట్టారు, మెట్రోపాలిటన్ ఆయన్నీ ఉక్రెయినియన్ అనేసరికి అర్మేనియన్లు ఊరుకోలేదు, మళ్లీ మార్చాల్సి వచ్చింది. వాళ్లు అడగడం న్యాయమే.

మీరు గమనించండి, ఈ జాబితాలో ఎవరి ఇంటి కథా ఒక్క గీతలో ఉండదు. కుయింజీ మరియుపోల్‌లో పుట్టిన గ్రీకు. మలేవిచ్ కీవ్‌లో పుట్టారు, అమ్మానాన్నలు పోలిష్. రేపిన్ ఖార్కివ్ దగ్గర చుహుయివ్ వాడు, పేరొచ్చింది రష్యాలో, జపొరోజ్యే కొసాక్కులు అనే ఉక్రెయిన్ యోధులు టర్కీ సుల్తానుకు ఉత్తరం రాసే ఆయన చిత్రం రెండు ప్రతుల్లో ఒకటి ఇప్పటికీ ఖార్కివ్ మ్యూజియం సొత్తు. పైన రాసిన మకోవ్ పుట్టింది లెనిన్‌గ్రాద్‌లో, అంటే ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో. క్రిమియా తాతార్ల 'ఒర్నెక్' అనే అలంకరణ నమూనాల కళ 2021లో యునెస్కో జాబితాలోకి వెళ్లింది ఉక్రెయిన్ తరఫునే, ఆ తాతార్లను స్టాలిన్ 1944లో ఉన్నపళంగా మధ్య ఆసియాకు తరిమేసిన సంగతి మీకు తెలిసే ఉంటుంది.

వీళ్లందరిలో నా మనసులో నిలిచిపోయింది అల్లా హోర్స్కా. 1929లో యాల్టాలో పుట్టారు. తండ్రి సోవియట్ సినిమా రంగంలో పెద్ద హోదాలో ఉన్నారు, ఇంట్లో మాట్లాడేది రష్యన్. పెద్దయ్యాక, పెళ్లయ్యాక, పట్టుబట్టి ఉక్రెయినియన్ నేర్చుకున్నారు, డిక్టేషన్లు రాసి మరీ. 1962లో మిత్రులతో కలిసి కీవ్ పక్కన బికివ్‌న్యా అడవిలో స్టాలిన్ కాలపు సామూహిక సమాధుల ఆచూకీ తీసి ఫిర్యాదు రాశారు. 1964లో కీవ్ విశ్వవిద్యాలయంలో షెవ్‌చెంకో మీద రంగుటద్దాల చిత్రం చేస్తే అధికారులు పగలగొట్టించారు. 1967లో మరియుపోల్‌లో భర్త విక్తోర్ జరెత్‌స్కీతోనూ తోటివాళ్లతోనూ కలిసి రెండు మొజాయిక్‌లు చేశారు, ఒకటి డేగ, ఒకటి చెట్టు. 1970 నవంబర్‌లో ఆమెను హత్య చేశారు. 41 ఏళ్లు. ఆ రెండు మొజాయిక్‌లు 2022లో మరియుపోల్ ధ్వంసంలో పోయాయి.

నా జవాబు ఆమెలోనే ఉంది. రక్తం, ఇంటిపేరు, ఉయ్యాల్లో విన్న భాష చూసి కాదు, ఎవరితో నిలబడ్డారో చూసి చెప్పాలి. లేబుల్ మార్చడం అన్నిచోట్లా సరిగ్గా చేశారని నేననను, కానీ 'రష్యన్' అన్న పాత లేబుల్ కూడా ఎవరో అతికించిందే కదా. నన్నడిగితే పుట్టిన ఊరు, ఇంట్లో భాష, పనిచేసిన చోటు మూడూ రాయాలి. స్థలం సరిపోకపోతే చిన్న అక్షరాలు వాడుకోవచ్చు.

ప్రశ్న: మన పాట షూటింగ్ జరిగింది కీవ్‌లోనే కదా? ఆ భవనం ఉందా?
(వాట్సాప్‌లో వచ్చింది, భీమవరం)

జవాబు: అవును, ఆస్కార్ వచ్చిన మన తెలుగు పాటను 2021 ఆగస్టులో మరీన్‌స్కీ ప్యాలెస్ ముందు తీశారు. అది అధ్యక్షుడి అధికారిక భవనం. ఉంది.

ప్రశ్న: యుద్ధ సమయంలో పుట్టే కళలో ఎక్కువ భాగం ప్రచారమే కదా? జెండా, పిడికిలి, పోస్టర్. ఇందులో పదేళ్ల తర్వాత నిలిచేది ఏమైనా ఉందా?
(కథా రచయిత, రాజమహేంద్రవరం)

జవాబు: చాలావరకు పోస్టరే, ఒప్పుకుంటాను. పోస్టరుకు దాని పని ఉంది, అది చేసుకుని వెళ్లిపోతుంది. నిలిచేవి నెమ్మదిగా కనిపిస్తాయి.

జాన్నా కదిరోవా అనే శిల్పి 2022 వసంతంలో పడమటి కొండల్లో ఒక పల్లెకు చేరుకున్నారు. అక్కడి వాగులో నీళ్లకు నునుపెక్కిన రాళ్లను తెచ్చి, గుండ్రటి రొట్టెల్లా ముక్కలు కోసి, బల్ల మీద గుడ్డ పరిచి పెట్టారు. చూస్తే ఆకలేస్తుంది, పట్టుకుంటే రాయి. అవి అమ్మిన డబ్బు యుద్ధంలో ఉన్న తోటివాళ్లకు పంపారు. మీరు దాన్ని ప్రచారం అనండి, అనకపోండి, ఆ రాయి పదేళ్ల తర్వాత కూడా మాట్లాడుతుందని నా నమ్మకం.

అలెవ్‌తీనా కహిద్జే ఇంకో దారి. ఆమె తల్లి దొనెత్‌స్క్ ప్రాంతంలో, 2014 నుంచి ఆక్రమణలో ఉన్న ఊళ్లోనే ఉండిపోయారు. తల్లి ఫోన్లో చెప్పే కబుర్లు, అంటే సిగ్నల్ కోసం ఎక్కడికెళ్లాల్సి వచ్చింది, మార్కెట్లో ఏం అమ్మింది, ఎవరితో పోట్లాడింది, ఇవన్నీ కూతురు ఏళ్ల తరబడి చిన్న చిన్న గీతల బొమ్మలుగా వేశారు. పెన్షన్ తీసుకోవడానికి చెక్‌పోస్టు దాటుతూ ఆ తల్లి 2019లో చనిపోయారు. ఆ బొమ్మల్లో జెండా ఉండదు, నినాదం ఉండదు. ఒక ముసలావిడ తన తోటనూ పిల్లులనూ వదిలి రానంటుంది, అంతే. జాతి, దేశం లాంటి పెద్ద మాటల కింద ఒక మనిషి రోజు ఎలా గడుస్తుందో నాకు అందులో తెలిసింది.

ప్రశ్న: ఐతే మేం టాల్‌స్టాయ్‌ని, చైకోవ్‌స్కీని మానేయాలా?
(చాలామంది)

జవాబు: మానేయక్కర్లేదు. మీ ఇంట్లో, మీ భాషలో, మీకిష్టమైన పుస్తకం చదువుకోవడాన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు, నేనూ చదువుతాను.

కానీ కీవ్ మెట్రోలో టాల్‌స్టాయ్ పేరున్న స్టేషన్‌కు 2023లో పేరు మారిస్తే, పుష్కిన్ విగ్రహాలు దించేస్తుంటే 'అయ్యో, సాహిత్యం ఏం చేసింది' అని ఇక్కడి నుంచి బాధపడేముందు ఒకటి తెలుసుకోవాలి. మరియుపోల్ నాటకశాల బయట నేల మీద 'పిల్లలు' అని విమానాలకు కనబడేంత పెద్ద అక్షరాలతో రాసి ఉంది. 2022 మార్చి 16న దాని మీద బాంబు వేశారు, లోపల వందలమంది తలదాచుకుని ఉన్నారు. తర్వాత ఆ శిథిలం చుట్టూ ఆక్రమణదారులు తెర కట్టారు, ఆ తెర మీద అచ్చు వేసింది పుష్కిన్, టాల్‌స్టాయ్ లాంటి రచయితల ముఖాలు. ఖెర్సోన్ ఆక్రమణలో ఉన్న నెలల్లో పుష్కిన్ బొమ్మతో హోర్డింగులు పెట్టి ఇది రష్యా ఊరు అని చెప్పారు. రష్యాలోని హెర్మిటాజ్ మ్యూజియం డైరెక్టర్ 2022లో ఒక ఇంటర్వ్యూలో విదేశాల్లో తాము పెట్టే ప్రదర్శనలను సాంస్కృతిక దండయాత్రగా వర్ణించారు. పుష్కిన్‌ను వీధిలోకి తెచ్చి అలా నిలబెట్టింది వాళ్లు. ఆ వీధిలో ఉండేవాళ్లకు ఆయన ముఖం చూడబుద్ధి కాకపోతే అది వాళ్లిష్టం.

ప్రశ్న: ఎత్తుకుపోయిన కళాఖండాలు తిరిగి వస్తాయా? చట్టం ఏం చెబుతుంది?
(న్యాయ విద్యార్థి, విశాఖపట్నం)

జవాబు: చట్టం స్పష్టంగానే ఉంది. 1954 హేగ్ ఒప్పందం, దాని మొదటి ప్రోటోకాల్ ప్రకారం ఆక్రమించిన ప్రాంతం నుంచి సాంస్కృతిక సంపదను బయటికి తరలించకూడదు, తరలిస్తే యుద్ధం ముగిశాక తిరిగి ఇవ్వాలి. రెండు దేశాలూ అందులో ఉన్నాయి. 1999 నాటి రెండో ప్రోటోకాల్ ఇంకా గట్టిది, ఉక్రెయిన్ 2020లో చేరింది, రష్యా చేరలేదు.

ఆచరణలో ఏం జరిగిందో ఖెర్సోన్ చెబుతుంది. అక్కడి ఆర్ట్ మ్యూజియం డైరెక్టర్ అలీనా దొత్సెంకో, ఆక్రమించినవాళ్లు వచ్చి అడిగితే, భవనం రిపేర్లో ఉంది, బొమ్మలన్నీ ఎప్పుడో పంపించేశాం అని చెప్పి కొన్నాళ్లు నెట్టుకొచ్చారు. బొమ్మలు అక్కడే ఉన్నాయి. ఆ సంగతి తెలిసినవాళ్లే చివరికి బయటపెట్టేశారు. 2022 అక్టోబర్ ఆఖర్లో, నవంబర్ మొదట్లో లారీల్లో పది వేలకు పైగా కళాఖండాలు ఎక్కించి క్రిమియాలోని సింఫెరోపోల్ మ్యూజియంకు తరలించారు. నవంబర్ 11న ఖెర్సోన్ విముక్తమైంది, అంటే కొద్ది రోజుల తేడా. అప్పటి నుంచి ఆ ఉద్యోగులు, సింఫెరోపోల్ మ్యూజియంలో తీసిన వీడియోల్లో గోడకు ఆనించి పెట్టిన పటాల అంచులు చూసి, ఇది మాదే, ఇదీ మాదే అని గుర్తుపడుతూ జాబితా కట్టుకుంటున్నారు. వందకు పైగానే గుర్తించారు. రేపు కోర్టుకెళ్తే చేతిలో ఉండాల్సింది ఆ జాబితానే.

వస్తాయా అంటే, ఆశ పెట్టుకోవడానికి ఒక ఉదాహరణ ఉంది. 2014లో క్రిమియా మ్యూజియంల నుంచి సిథియన్లు అనే ప్రాచీన సంచార జాతి బంగారం, పురావస్తువులు ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనకు వెళ్లాయి, ఈలోగా క్రిమియాను రష్యా కలిపేసుకుంది. ఎవరికివ్వాలి అని దాదాపు పదేళ్లు కేసు నడిచి, 2023 జూన్‌లో డచ్ సుప్రీంకోర్టు ఉక్రెయిన్‌కే అంది, నవంబర్‌లో అవి కీవ్ చేరాయి. ఐతే అవి మూడో దేశంలో ఉన్నాయి కాబట్టి అది కుదిరింది.

ప్రశ్న: ప్రిమచెంకో లాంటి ఆడవాళ్లు ఇంకా ఉన్నారా? పెద్ద పెద్ద చదువుల్లేని మాలాంటి వాళ్లు?
(గృహిణి, అనంతపురం)

జవాబు: ఉన్నారమ్మా. పొలీనా రాయ్‌కో గురించి చెబుతాను. ఖెర్సోన్‌కు అవతలి ఒడ్డున ఒలెష్కి అనే ఊరు. కూతురు యాక్సిడెంట్‌లో పోయింది, మరుసటేడే భర్త పోయాడు. 69 ఏళ్ల వయసులో, అంతకుముందు ఎప్పుడూ బొమ్మ వేయని మనిషి, పెన్షన్ డబ్బులతో గేట్లకు, తలుపులకు వేసే చవక ఎనామెల్ పెయింట్ కొని ఇంటి గోడల మీద మొదలుపెట్టింది. గోడలయ్యాయి, కప్పు, తలుపులు, గేటు, గ్యారేజీ కూడా. పావురాలు, దేవదూతలు, నది, పోయినవాళ్లు. 2004లో చనిపోయేసరికి ఇల్లంతా నిండిపోయింది, ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి చూసేవారు. 2023 జూన్ 6న కహోవ్కా డ్యామ్ బద్దలైంది. ఆ వరద ఆ ఇంట్లోకి వచ్చింది, గోడల మీద చాలా భాగం పాడైపోయింది. ఊరు ఆక్రమణలో ఉంది కాబట్టి బాగుచేసేవాళ్లు లోపలికి వెళ్లలేకపోయారు.

ల్యుబోవ్ పంచెంకో బుచా మనిషి. కోటు గుడ్డల తునకలతో చిత్రాలు చేసేవారు, పాత కుట్టు నమూనాలు తీసుకుని కొత్త బట్టలు డిజైన్ చేసేవారు. 1960ల్లో ఉక్రెయినియన్ భాష కోసం నిలబడ్డ వాళ్లలో ఒకరు, అందుకని సోవియట్ రోజుల్లో ఆమెను పైకి రానివ్వలేదు. 2022లో బుచా ఆక్రమణలో ఉన్న నెల రోజులు తిండి లేక ఇంట్లో చిక్కుకుపోయి, ఏప్రిల్ 30న ఆసుపత్రిలో చనిపోయారు. 84 ఏళ్లు. అక్కడ కుట్టు పూల చొక్కాకు ఇప్పుడున్న విలువ మీకు సులువుగా అర్థమవుతుంది, మన తాతలు ఖద్దరు కట్టినట్టే వాళ్లు అది తొడుక్కుంటారు. ఏటా మే నెల మూడో గురువారం ఆఫీసులకు, బడులకు అందరూ అదే వేసుకుని వెళ్తారు, కందకాల్లో ఉన్న సైనికులు యూనిఫాం లోపల వేసుకుంటారు.

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటాం. పిల్లలకు ఈ బొమ్మలు చూపించాలంటే ఎక్కడికెళ్లాలి?
(ఒక తల్లి, షికాగో దగ్గర నుంచి)

జవాబు: మీకు దగ్గర్లోనే ఉంది. షికాగోలో ఉక్రెయినియన్ విలేజ్ అనే పేటలో ఉక్రెయినియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 1971 నుంచి నడుస్తోంది, చిన్నది, పిల్లలు విసుక్కునేలోపు చూసేయొచ్చు. న్యూయార్క్, న్యూజెర్సీ వైపు ఉన్నవాళ్లు మన్‌హట్టన్ ఈస్ట్ విలేజ్‌లోని ఉక్రెయినియన్ మ్యూజియంకు వెళ్లండి, కుట్టుపని, రంగుల గుడ్లు, చిత్రాలు అన్నీ ఒక్కచోట ఉంటాయి. ప్రిమచెంకో ప్రదర్శన కూడా 2023లో అక్కడ పెట్టారు. వెళ్లేముందు ఏ ప్రదర్శన నడుస్తోందో, ఏ రోజు సెలవో ఫోన్ చేసి కనుక్కోండి, రెండూ చిన్న సంస్థలే. అక్కడ పనిచేసేవాళ్లలో ఎవరినైనా కదిపితే, పిల్లలకు ప్రతి బొమ్మ గురించీ ఓపిగ్గా చెబుతారు, అడగడానికి మొహమాటపడకండి.